డయాలిసిస్ రోగి – మిగిలిన 156 గంటలు

ఒక వారానికి 168 గంటలు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగి సాధారణంగా వారానికి మూడు పర్యాయాలు, పర్యాయానికి సుమారు నాలుగు గంటల చొప్పున, డయాలిసిస్ యంత్రం పక్కన గడుపుతాడు. అంటే యంత్రం వాటా 12 గంటలు. మిగిలిన 156 గంటలలో అతడు ఏమి తిన్నాడు, ఎన్ని గ్లాసుల నీరు త్రాగాడు, ఏ మాత్రను ఎప్పుడు మింగాడు, తరువాతి పర్యాయానికి వచ్చాడా మానేశాడా అన్న విషయాలపై యంత్రానికి ఎట్టి అధికారమూ లేదు. అవి రోగి మనస్సుపైనా, అతనితో కలిసి భోజనం చేసేవారిపైనా ఆధారపడి ఉన్నాయి. ఆ 12 గంటల విషయంలో వైద్యశాస్త్రం ఎంతో సాధించింది. 156 గంటల విషయంలో మాత్రం రోగిని మందలించడంతోనే చాలాకాలం సరిపెట్టుకొంది.

కువైట్‌లోని తెలుగువారికి ఈ విషయం దూరమైనది కాదు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి పాతికేళ్ళ ప్రాయంలో ఇక్కడికి వచ్చి, యాభై దాటేవరకు ఉండిపోయినవారు మనలో అనేకులు. మూత్రపిండాలను దెబ్బతీసే కారణాలలో అగ్రస్థానం మధుమేహానిది, తరువాతి స్థానం అధిక రక్తపోటుది. ఈ రెండూ సరిగ్గా ఆ వయస్సులోనే, చడీచప్పుడు లేకుండా తమ పని చేసుకుపోతాయి. గల్ఫ్‌కు బయలుదేరే ముందు జరిగే వైద్యపరీక్షలో దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం కనిపిస్తే అనర్హులుగా తేలుస్తారు. కనుక ఇక్కడ ఈ జబ్బుతో ఉన్న మనవారిలో అధికులకు అది ఇంటికి దూరంగా, ఇక్కడనే బయటపడి ఉంటుందని ఊహించవచ్చు.

ఒక రసాయన ప్రయోగం నుండి ఒక జీవిత విధానం దాకా

డయాలిసిస్ అన్న పదాన్ని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చినవాడు వైద్యుడు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడు. 1861లో స్కాట్లండుకు చెందిన థామస్ గ్రాహం పార్చ్‌మెంటు కాగితాన్ని పొరగా అమర్చి, ఉప్పు, చక్కెర, యూరియా వంటి చిన్న అణువులు దాని గుండా దాటిపోతాయనీ, జిగురు వంటి పెద్ద అణువులు దాటలేవనీ నిరూపించాడు. ఈ సూత్రాన్ని మనిషి రక్తానికి తొలిసారిగా అన్వయించినవాడు జర్మనీలోని గీసెన్ నగర వైద్యుడు జార్జ్ హాస్. అది 1924. తరువాత 1943లో, జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే చిన్న పట్టణంలో, విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు మాంసపు సాసేజీల తయారీలో వాడే సెల్లోఫేన్ గొట్టాలను ఒక పీపాకు చుట్టి కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. ఆ యంత్రంతో ఒక రోగి ప్రాణం నిలిచింది మాత్రం 1945లోనే.

ఆ కాలంలో ప్రతి పర్యాయానికీ కొత్తగా రక్తనాళాన్ని కోయవలసి వచ్చేది. కొద్ది రోజులలో కోలుకొనే మూత్రపిండాలకే ఈ చికిత్స పనికివచ్చేది. 1960లో సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని ముంజేతిలో శాశ్వతంగా అమర్చే పద్ధతిని రూపొందించడంతో పరిస్థితి మారిపోయింది. ఆయన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆపై 11 సంవత్సరాలు జీవించాడు. 1966లో సిమినో, బ్రెస్సియా తదితరులు ధమనిని సిరతో కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతిని ప్రకటించారు. నేడు కువైట్‌లోనైనా కాకినాడలోనైనా రోగి ముంజేతిపై ఉబ్బి కనిపించే నాళం అదే.

ఆ రోజులలో యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరిని యంత్రంపైకి తీసుకోవాలో నిర్ణయించడానికి సియాటిల్‌లో సాధారణ పౌరులతో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. 1962లో లైఫ్ పత్రిక ఈ సంఘం గురించి ప్రకటించిన వ్యాసం అమెరికాలో పెద్ద చర్చకు దారితీసింది. వయస్సు, సంసారం, ఉద్యోగాలతో పాటు రోగి మానసిక స్థిరత్వాన్నీ, ఈ చికిత్సను భరించగల శక్తినీ ఆ సంఘం తూచి చూసేది. అంటే డయాలిసిస్‌కు మనస్సుతో గల సంబంధం కొత్తగా కనుగొన్నది కాదు; మొదటి నుండీ తెలిసినదే. అయితే అప్పుడు దానిని రోగిని తిరస్కరించడానికి వాడుకొన్నారు, ఆదుకోవడానికి కాదు.

మనస్సు నడిచే మూడు మజిలీలు

1972లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌కు చెందిన రీక్స్‌మన్, లెవీ అనే వైద్యులు 25 మంది డయాలిసిస్ రోగులను నాలుగేళ్ళపాటు పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. వారు గుర్తించిన మూడు దశలు నేటికీ ఈ రంగంలో పనిచేసేవారికి దారి చూపుతున్నాయి.

మొదటిదానికి వారు పెట్టిన పేరు మధుమాసం. యూరియా పేరుకొని వాంతులతో, ఆయాసంతో, మత్తుగా పడి ఉన్న మనిషి కొన్ని వారాల డయాలిసిస్‌తో లేచి కూర్చుంటాడు. ఆకలి వేస్తుంది. బ్రతికి బయటపడ్డానన్న సంతోషం అతనిని నింపుతుంది. చెప్పిన మాటల్లా వింటాడు. ఇది ఆరు వారాల నుండి ఆరు నెలల దాకా ఉంటుంది. తరువాత వచ్చేది నిరాశా దశ. ఈ యంత్రం తనను నయం చేయడానికి రాలేదనీ, ఇది జీవితాంతం తన వెంట ఉంటుందనీ అప్పుడు తెలిసివస్తుంది. విచారం, నిస్సహాయత కలుగుతాయి. మూడు నెలల నుండి ఏడాది దాకా సాగే ఈ దశ చాలామంది రోగులలో ఒక ప్రత్యేక సందర్భంతో ముడిపడి కనిపించింది: తిరిగి ఉద్యోగంలో చేరడం, లేదా చేరాలని ఆలోచించడం. మూడవది దీర్ఘకాలిక సర్దుబాటు. ఇందులోనూ మంచి రోజులు, చెడ్డ రోజులు వచ్చిపోతుంటాయి గాని, మనిషి తన పరిమితులను ఒప్పుకొని బ్రతకడం నేర్చుకొంటాడు.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. మొదటి మూడు నెలలు ఎంతో బుద్ధిగా ఉన్న రోగి ఆరవ నెలలో పర్యాయాలు మానడం మొదలుపెడితే, ఇంటివారు "ఇప్పుడు కాస్త బాగుపడ్డాడు కదా, లెక్కలేనితనం వచ్చింది" అని అర్థం చేసుకొంటారు. వాస్తవానికి అది తరచు నిరాశా దశ తొలి సూచన. అట్టి సమయంలో పడే తిట్లు అతనికి ఏ విధంగానూ ఉపకరించవు.

నిరాశను గుర్తించడం కూడా సులభం కాదు. కుంగుబాటు లక్షణాలైన అలసట, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వంటివి రక్తంలో మలినాలు పెరిగినప్పుడూ కనిపిస్తాయి. ప్రపంచవ్యాప్త పరిశోధనలను క్రోడీకరించి 2013లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, నిపుణులు ముఖాముఖి పరీక్షించినప్పుడు డయాలిసిస్ రోగులలో 100కి సుమారు 23 మందిలో కుంగుబాటు కనిపించింది. రోగులు స్వయంగా నింపిన ప్రశ్నావళులలో ఆ సంఖ్య 39కి చేరింది. ఈ రెండింటి మధ్య తేడాలో కొంత భాగం శరీర లక్షణాల గందరగోళమే కావచ్చు.

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 1970వ దశకంలో కొన్ని కేంద్రాలలో రోగులకు మాట తడబడి, మతి చలించి, మరణం సంభవించింది. మానసిక కారణాలు కూడా చర్చకు వచ్చాయి. 1976లో అమెరికాలోని ఆల్‌ఫ్రీ బృందం ఆ రోగుల మెదడులో అల్యూమినియం పేరుకొన్నదని తెలిపింది. ఆ లోహం డయాలిసిస్‌కు వాడిన నీటి నుండి, ఫాస్ఫేటును అదుపుచేయడానికి ఇచ్చిన అల్యూమినియం మందుల నుండి వచ్చినది. ఒక్కొక్క పర్యాయంలో రోగి రక్తం సుమారు 120 లీటర్ల ద్రవానికి ఎదురవుతుంది కనుక ఆ నీటిలో లేశమాత్రపు లోహమైనా ప్రమాదమే. నేడు ఆ నీటిని అతి సున్నితంగా శుద్ధి చేస్తున్నారు. మనస్సు జబ్బనుకొన్నది రసాయనం కావచ్చుననీ, మొండితనం అనుకొన్నది మనస్సు జబ్బు కావచ్చుననీ ఈ రంగం పదే పదే నేర్చుకొన్నది.

ముగింపు లేని పథ్యం

తెలుగువారికి పథ్యం కొత్త కాదు. కామెర్లకు పథ్యం, బాలింతకు పథ్యం, ఆయుర్వేద మందుకు మండలం రోజుల పథ్యం మన ఇళ్ళలో అందరూ ఎరిగినవే. అయితే వీటన్నిటికీ ఒక గడువు ఉంది. పథ్యం తీరిన రోజున కమ్మగా వండి పెడతారు. డయాలిసిస్ రోగి పథ్యానికి ఆ రోజు రాదు. మన మనస్సులు గడువున్న పథ్యానికి అలవాటుపడినవి కనుక, కొన్ని నెలలయ్యేసరికి "ఇంకెంత కాలం?" అన్న ప్రశ్న రోగికీ, వండి పెట్టేవారికీ కూడా కలుగుతుంది.

దాహం సంగతి చూద్దాం. మూత్రం దాదాపు ఆగిపోయిన రోగిని రోజుకు సుమారు ఒక లీటరు లోపు ద్రవంతో సరిపెట్టుకోమంటారు. కువైట్‌లో ఇది ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు. 2016 జూలై 21న మిత్రిబా కేంద్రంలో నమోదైన 53.9 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. అయితే దాహానికి ఎండ ఒక్కటే కారణం కాదు. మన రక్తంలో, కణాల వెలుపలి ద్రవంలో లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది. ఉప్పుగా లెక్కిస్తే అది సుమారు 8 గ్రాములు. ఈ గాఢత కొంచెం పెరిగినా మెదడులోని దాహ కేంద్రం ఊరుకోదు. 8 గ్రాముల ఉప్పు తిన్న మనిషి, దానికి సరిపడా లీటరు నీరు త్రాగేదాకా దప్పిక తీరదు. ఆరోగ్యవంతుడైతే ఆ ఉప్పును మూత్రంలో వదిలేస్తాడు. డయాలిసిస్ రోగి వదలలేడు. కనుక ఆవకాయ, అప్పడం, ఎండుచేప, ఉప్పు లబన్ మానకుండా "నీళ్ళు మాత్రం తగ్గించు" అనడం, మంట కింద కట్టెలు పెడుతూ పాలు పొంగవద్దనడమే. మధుమేహ రోగిలో రక్తంలోని చక్కెర కూడా ఇదే పని చేస్తుంది.

ఈ లెక్క ఇక్కడితో ఆగదు. 60 కిలోల రోగి రెండు పర్యాయాల మధ్య 3 లీటర్ల నీటిని కూడబెట్టుకొని వచ్చాడనుకొందాం. నాలుగు గంటలలో దానిని తీయాలంటే గంటకు కిలో బరువుకు 12.5 మిల్లీలీటర్ల చొప్పున తీయాలి. 13 దాటితే గుండెకు హాని పెరుగుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. 4 లీటర్లతో వస్తే ఆ వేగం సుమారు 17కు చేరుతుంది. అప్పుడు రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఆ బాధ గుర్తున్న రోగి మరుసటిసారి "ఒక గంట ముందే తీసేయండి" అని బ్రతిమాలతాడు, లేదా అసలు రాడు. నీరు ఇంకా మిగిలిపోతుంది, తరువాతి పర్యాయం మరింత బాధాకరమవుతుంది. ఈ విషవలయంలో భయం ఎంత ఉందో ఉప్పు అంత ఉంది. ఎక్కడ తెంచాలన్నదానికి రోగిని అడగడమే మార్గం. కొందరికి ఉప్పు తగ్గించడం తేలిక, మరికొందరికి వారానికి మరొక గంట డయాలిసిస్ పెంచడం తేలిక.

పొటాషియం వేరే రకం ప్రమాదం. రక్తంలో లీటరుకు 3.5 నుండి 5 మిల్లీమోల్‌ల మధ్య ఉండవలసిన ఈ మూలకం 6.5 దాటితే గుండె లయ తప్పి, ముందస్తు హెచ్చరిక లేకుండానే ఆగిపోవచ్చు. రోగిని చూడబోయేటప్పుడు కొబ్బరి నీళ్ళు, అరటిపళ్ళు, బత్తాయిలు పట్టుకుపోవడం మన మర్యాద. కువైట్‌లో వాటికి ఖర్జూరాలు తోడవుతాయి. 100 గ్రాముల ఖర్జూరాలలో 650 మిల్లీగ్రాములకు పైగా, అరటిపండులో సుమారు 360, పెద్ద గ్లాసు కొబ్బరి నీళ్ళలో 400 నుండి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. చింతపండు కూడా తక్కువది కాదు. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోస్తే పొటాషియం కొంతవరకు పోతుంది. రక్తపోటు రోగులకని అమ్మే "తక్కువ సోడియం" ఉప్పులో సోడియం క్లోరైడుకు బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. మంచిదని కొని తెచ్చిన ఆ పొట్లం ఈ రోగి పాలిట విషమే.

ఇక ఫాస్ఫేటు మాత్రలు. కాల్షియం కార్బొనేటు, సెవెలమర్ వంటివి భోజనంతో పాటే మింగాలి. అవి కడుపులో, పేగులలో ఆహారంలోని ఫాస్ఫేటును పట్టుకొని రక్తంలోకి పోకుండా ఆపుతాయి. భోజనమైన రెండు గంటలకు మింగితే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు. మింగితే ఏ సుఖమూ తెలియదు, మానితే ఆ రోజున ఏ బాధా కలగదు; ఎముకలు, రక్తనాళాలు చెడేది ఏళ్ళ తరబడి. మనుషులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ మాత్రలనే అంటే ఆశ్చర్యం లేదు.

జెరూసలేం నగరానికి చెందిన కప్లాన్ డి-నూర్, చాచ్కెస్ అనేవారు 1972లో ఆదేశాలు పాటించని రోగులను పరిశీలించి, ముఖ్యంగా రెండు కారణాలు చూపారు: నిస్పృహను ఓర్చుకోలేకపోవడం, రోగిగా ఉండడం వలన కలిగే లాభాలు. రెండవది వినడానికి కటువుగా ఉన్నా నిజం. అందరూ తన చుట్టూ తిరిగే స్థితి నుండి బయటికి రావడం, దానిని ఒకసారి అనుభవించినవారికి కష్టమే.

పర్యాయం మానితే

డయాలిసిస్ ఫలితాలను అనేక దేశాలలో పోల్చి చూసే డాప్స్ అనే అధ్యయనంలో గల్ఫ్ సహకార మండలికి చెందిన ఆరు దేశాలు, కువైట్‌తో సహా, 2012 తరువాత చేరాయి. ఈ అధ్యయనం నుండి 2018లో వెలువడిన ఒక వ్యాసం ప్రకారం, నాలుగు నెలల కాలంలో ఒక్క పర్యాయమైనా మానినవారు ఇటలీ, జపాన్ దేశాలలో 100కి ఒకరికంటే తక్కువ; అమెరికాలో 24 మంది. మానినవారిలో మరణాలు మానని వారికంటే సుమారు 68 శాతం అధికం. యంత్రాలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. దేశానికీ దేశానికీ మధ్య ఇంతటి తేడా రోగుల గుణం వలన మాత్రమే వచ్చిందనుకోవడం కష్టం. ప్రయాణ సౌకర్యం, ఉద్యోగం, కుటుంబం, సిబ్బందితో చనువు వంటివన్నీ అందులో ఉన్నాయి. సక్రమంగా వచ్చే రోగికి కూడా వారంలో ఒకసారి రెండు రోజుల విరామం తప్పదు. ఆ దీర్ఘ విరామం మరునాడు మరణాలు ఎక్కువని 2011లో అమెరికా రోగులపై జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ విరామానికి పక్కనున్న పర్యాయాన్ని మానడం అన్నిటికంటె ప్రమాదకరం.

ఇప్పుడు జలీబ్‌లోనో ఫర్వానియాలోనో ఐదుగురితో ఒకే గదిలో ఉండే డ్రైవరును ఊహించుకొందాం. అతని అకామా ఉద్యోగంతో ముడిపడి ఉంది. వారంలో మూడు రోజులు సగం పూట ఆసుపత్రికి పోతానంటే కఫీల్ ఒప్పుకోవాలి. గదిలో వంట అందరికీ ఒకటే. తనకోసం ఉప్పు లేకుండా వేరే వండమని అడగడానికి మొగమాటం. "ఒక్క గ్లాసేగా అన్నా, త్రాగు" అనే తమ్ముళ్ళది ప్రేమే. ఊళ్ళో భార్యకు, తల్లికి జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే వచ్చేయమంటారు, వస్తే అప్పు తీరదు. సంపాదించి పంపేవాడు అన్న ఒక్క గుర్తింపుతో ఎడారికి వచ్చిన మనిషికి ఆ గుర్తింపు పోవడం మూత్రపిండాలు పోవడం కంటె తక్కువ నష్టం కాదు. ఇళ్ళలో పనిచేసే స్త్రీల విషయంలో ఆ సగం పూట సెలవు అడగడం మరీ కష్టం. ఉద్యోగంలోకి తిరిగివెళ్ళే ఆలోచనే నిరాశా దశను తెస్తుందన్న రీక్స్‌మన్, లెవీల పరిశీలన ఇట్టివారికి ఎంత వర్తిస్తుందో చెప్పనక్కరలేదు.

ఉపకరించేవి

కుంగుబాటుకు చికిత్స ఉంది. బ్రూక్లిన్‌లోనే క్యూకోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, డయాలిసిస్ జరుగుతుండగానే కుర్చీ పక్కన కూర్చొని రోగులతో ఆలోచనల తీరును మార్చే సంభాషణా చికిత్స జరిపింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం కుంగుబాటు తగ్గడమే గాక, రోగులు నీటి పరిమితిని పాటించడం కూడా మెరుగుపడింది. నీళ్ళ గురించి ఉపన్యాసం ఇవ్వకుండా మనస్సు గురించి మాట్లాడితే నీళ్ళు తగ్గాయన్నమాట. తెలుగులో అట్టి నిపుణులు కువైట్‌లో దొరకడం కష్టమే కావచ్చు. అయినా ఆ నాలుగు గంటలు పక్కన కూర్చొని తెలుగులో మాట్లాడే మనిషి దొరకడం కష్టం కాకూడదు. ఇట్టి సందర్శనకు వెళ్ళేవారు పళ్ళకు బదులు వార్తాపత్రిక పట్టుకుపోవచ్చు. "ఎన్ని నీళ్ళు త్రాగావు?" అని అడగడం కంటె "క్రితంసారి యంత్రం మీద ఏమైనా ఇబ్బంది కలిగిందా?" అని అడిగితే నిజం బయటికి వస్తుంది. "ఇక బ్రతికి ఏం లాభం" అన్న మాట వినబడితే దానిని మాటవరసకు అన్నదిగా త్రోసిపుచ్చక, అదే రోజున వైద్యునికి తెలపాలి.

సర్దుబాటుకు ఉదాహరణ కావాలంటే హైదరాబాదు వైపు చూడవచ్చు. కెమికల్ ఇంజనీరింగు చదివి, పై చదువులకు అమెరికా వెళ్ళబోతున్న కమల్ షా అనే యువకునికి 1997లో హఠాత్తుగా మూత్రపిండాలు చెడిపోయాయి. తల్లి ఇచ్చిన మూత్రపిండం నిలవలేదు. ఆయన తరువాత ఇంట్లోనే రాత్రిపూట డయాలిసిస్ చేసుకొంటూ, పగలు ఉద్యోగం చేస్తూ, ఈతకు వెళ్తూ గడిపారు. నెఫ్రోప్లస్ అనే డయాలిసిస్ కేంద్రాల సంస్థ స్థాపకులలో ఒకరయ్యారు. అందరికీ ఆ వనరులు ఉండవు. కాని డయాలిసిస్‌పై ఉన్న మనిషి పాతికేళ్ళు పనిచేయగలడన్నది కొత్త రోగికి ఎవరైనా చెప్పవలసిన సమాచారం.

మార్పిడి మరొక మార్గం. కువైట్‌లో మూత్రపిండ మార్పిడి 1979లో ప్రారంభమైంది. సబాహ్ ఆరోగ్య ప్రాంతంలోని హామెద్ అల్ ఈసా కేంద్రం దానికి నిలయం. తెలుగు ప్రాంతంలో మరణానంతర అవయవదానాలను సమన్వయపరిచే జీవన్‌దాన్ 2013లో మొదలైంది. మార్పిడి అయినవారు కూడా మందులు జీవితాంతం వేళకు మింగవలసినదే.

స్వదేశానికి తిరిగి పోదలచినవారికి అక్కడి పరిస్థితి మునుపటి వలె లేదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు డయాలిసిస్ ఖర్చు భరించింది. కారణం నేటికీ పూర్తిగా తేలని మూత్రపిండ వ్యాధితో పీడింపబడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట, పలాస వంటి చోట్ల డయాలిసిస్ కేంద్రాలు వెలిశాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో డయాలిసిస్ రోగుల పింఛనును నెలకు 10,000 రూపాయలకు పెంచింది. ఆపదలో ఉన్న ప్రవాసులకు అత్యవసర వైద్యానికీ, విమాన టికెట్టుకూ భారత రాయబార కార్యాలయాల వద్ద 2009 నుండి సంక్షేమ నిధి ఉంది.

బయలుదేరే రోగి ఊళ్ళోని కేంద్రంతో ముందుగానే మాట్లాడి, తొలి పర్యాయం తేదీ ఖాయం చేసుకోవాలి. విమానం ఎక్కే ముందురోజున ఇక్కడ డయాలిసిస్ పూర్తిచేసుకోవాలి. వెంట ఉండవలసిన కాగితాలు: డ్రై వెయిట్, వాడుతున్న డయాలిసిస్ వివరాలు, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షల తాజా ఫలితాలు, మందుల పట్టీ, ఫిస్టులా ఎప్పుడు, ఏ చేతికి చేశారన్నది. ఆ చేతికి రక్తపోటు పట్టీ చుట్టనివ్వరాదు, సూది మందు వేయనివ్వరాదు, దానిపై బరువైన సంచీ తగిలించుకోరాదు.